పశువుల పాకకు చేరిన చలి

పొద్దున్నే గేదె అరుస్తుంది, తీగ వేస్తుంది. ఇంటాయన, పశువులకు కృత్రిమ గర్భధారణ సూది వేసే గోపాలమిత్రకు ఫోన్ చేస్తాడు. ఎద ఉదయం కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం సూది వేయించాలన్న లెక్క పాడి ఉన్న ఇళ్లన్నిటికీ కంఠోపాఠమే. పొద్దు వాలే వేళకు బైకు వెనక కట్టిన అల్యూమినియం క్యాను పాక ముందు దిగుతుంది. మూత తీయగానే తెల్లటి పొగ అంచు దాటి నేల మీదికి జారుతుంది. పిల్లలు చుట్టూ మూగుతారు. వేలు పెట్టబోతే పెద్దవాళ్లు కసురుతారు. క్యానులో ఉన్నది ద్రవ నత్రజని. దాని చలి మైనస్ 196 డిగ్రీలు. ఒంటికి అంటుకుంటే నిప్పు తగిలినట్టే బొబ్బ లేస్తుంది.

పొడవాటి పట్టకారుతో అందులోంచి సన్నటి ప్లాస్టిక్ స్ట్రా ఒకటి పైకి తీసి గోరువెచ్చని నీళ్లలో వేస్తారు. నీళ్ల వేడి 37 డిగ్రీలు, సమయం అర నిమిషం. బయటికి తీసి, తడి లేకుండా తుడిచి, కొన కత్తిరించి గన్నులోకి ఎక్కిస్తారు. పావు మిల్లీలీటరు మాత్రమే పట్టే ఆ స్ట్రా మీద ఆబోతు నంబరు అచ్చువేసి ఉంటుంది. ఆ ఆబోతు కరీంనగర్‌లోనో, నంద్యాలలోనో, విశాఖపట్నంలోనో ఉన్న వీర్య కేంద్రంలో మేత మేస్తూ ఉండొచ్చు. చనిపోయి ఏళ్లు గడిచి కూడా ఉండొచ్చు. సూది నిలిస్తే పది నెలల తర్వాత పాకలో దూడ లేచి నిలబడుతుంది.

ఊళ్లో ఎవరికీ ఇది వింత కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోపాలమిత్రలు వచ్చి పాతికేళ్లు కావొస్తోంది. జీవకణాన్ని మైనస్ 196 దగ్గర నిలిపి, కావలసిన రోజున మళ్లీ కదిలించే విద్య రోడ్డు కూడా సరిగా లేని పల్లెల దాకా, అదీ ప్రభుత్వ ఖర్చుతో, వెళ్లగలిగింది. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాలలో 2018 నుంచి జాతీయ వన్యప్రాణి జన్యువనరుల బ్యాంకు నడుస్తోంది. అడవి జంతువుల కణాలు అక్కడ ఇదే చలిలో భద్రంగా ఉన్నాయి. గేదెకు అందింది, జింకకు అందింది. ఒళ్లు కాలి ప్రభుత్వ ఆసుపత్రిలో చేరిన మనిషికి, క్యాన్సర్ మందు ఎక్కించుకోబోతున్న పేదింటి కుర్రవాడికి మాత్రం ఇది అందితే అదృష్టం, అందకపోతే ఖర్మ అన్నట్టుగా ఉంది. ఈ పరిస్థితి మారాలి. మార్చడానికి కావలసిన సరంజామాలో సగం ఇప్పటికే మన జిల్లాల్లో ఉంది.

అసలు చలి కణాన్ని ఏం చేస్తుందో ముందు చూడాలి. డీప్ ఫ్రీజర్‌లో టమాటా మరిచిపోయి, మర్నాడు బయటపెట్టిన ప్రతి ఇల్లాలికీ సగం సంగతి తెలుసు. రాయిలా బయటికి వచ్చిన పండు కాసేపటికి నీరు కారి చేతిలో ముద్దయిపోతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు పదునైన పలుకులు కడుతుంది, కణం గోడల్ని చీలుస్తుంది. కణాన్ని నెమ్మదిగా చల్లబరిస్తే ఇంకో ప్రమాదం. బయటి నీరు ముందు గడ్డకడుతుంది. మంచులో ఉప్పుకు చోటు లేదు కాబట్టి మిగిలిన కాస్త నీటిలో ఉప్పు చిక్కబడుతుంది. జాడీలో ఊరే మామిడి ముక్కలా కణం తనలోని నీరంతా వదిలేసి ముడుచుకుపోతుంది. గబగబా చల్లబరిస్తే నీరు బయటికి పోయే వ్యవధి ఉండదు, లోపలే మంచు కడుతుంది. ఈ రెండు చావుల మధ్య ఇరుకైన దారి ఒకటుంది. ఆ దారి వీర్యకణానికి ఒక వేగంలో, ఎర్ర రక్తకణానికి ఇంకో వేగంలో, పిండానికి మరో వేగంలో దొరుకుతుంది. అమెరికా శాస్త్రవేత్త పీటర్ మాజర్ 1970ల మొదట్లో ఈ రెండు చావుల లెక్కను స్పష్టంగా తేల్చాడు.

అంతకు చాలా ముందే, లండన్‌లోని మిల్‌హిల్‌లో, ఒక సీసా మీది చీటీ తారుమారై దారి చూపింది. 1948లో క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ అనే ముగ్గురు కోడిపుంజు వీర్యాన్ని గడ్డకట్టించి బతికించాలని పండ్ల చక్కెర ద్రావణంతో ప్రయత్నిస్తున్నారు. ఫలితం రాలేదు. సీసాలు శీతల గదిలో పెట్టి పక్కన పడేశారు. కొన్ని నెలల తర్వాత మళ్లీ వాటినే తీసి వాడితే ఒక సీసాలోని ద్రావణంతో వీర్యకణాలు చలి నుంచి బయటికి వచ్చి చురుగ్గా ఈదాయి. మిగిలిన కాసిని చుక్కల్ని పరీక్షకు పంపితే అందులో చక్కెర జాడే లేదు. ఉన్నవి గ్లిజరిన్, గుడ్డు తెల్లసొన, నీరు. గాజు పలకల మీద కణజాలం అంటించడానికి వాడే మరో ద్రావణం చీటీ దీని మీదికి వచ్చి చేరింది. చలికాలంలో పెదవులకు రాసుకునే గ్లిజరినే కణాన్ని మంచు బారిన పడకుండా కాపాడిందని 1949లో 'నేచర్' పత్రికలో వాళ్లు ప్రకటించారు. మూడేళ్లు తిరక్కుండానే గడ్డకట్టించిన వీర్యంతో దూడలు పుట్టాయి. 1950లలోనే అమెరికాలో బిడ్డలూ పుట్టారు.

తర్వాతి పెద్ద అడుగు మంచునే రానివ్వకపోవడం. పటికబెల్లం గడ్డనూ, నిమ్మతొన చప్పరింపు బిళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రెండూ పంచదార పాకమే. నింపాదిగా పలుకులు కట్టనిస్తే పటికబెల్లం. చిక్కటి పాకాన్ని త్వరగా చల్లార్చితే పలుకే లేని గాజులాంటి బిళ్ల. కణం చుట్టూ, లోపలా రక్షక ద్రావణాన్ని బాగా చిక్కగా నింపి ఒక్కసారిగా చల్లబరిస్తే నీరు కూడా పలుకు కట్టకుండా గాజులా బిగుసుకుంటుంది. 1985లో విలియం రాల్, గ్రెగరీ ఫాహీ ఎలుక పిండాల్ని ఇలా నిలిపి మళ్లీ బతికించారు. ఇవాళ సంతాన సాఫల్య కేంద్రాల్లో అండాలు, పిండాలు నిలవుండేది ఎక్కువగా ఈ పద్ధతిలోనే.

ఈ విద్యలో మన దేశం ఆలస్యంగా కళ్లు తెరవలేదు. 1978 అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషి ఫలితంగా ఒక ఆడపిల్ల పుట్టింది. ప్రపంచపు తొలి టెస్ట్ ట్యూబ్ బిడ్డ ఇంగ్లండ్‌లో పుట్టి అప్పటికి పది వారాలే. పైగా ముఖర్జీ పిండాన్ని 53 రోజులు గడ్డకట్టించి ఉంచి ఆ తర్వాత తల్లి గర్భంలో ప్రవేశపెట్టాడు. గడ్డకట్టించిన పిండం నుంచి గర్భం నిలిచిందని ఆస్ట్రేలియా బృందం ప్రకటించింది 1983లో. ముఖర్జీ మాటను పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం వేసిన విచారణ సంఘం నమ్మలేదు. ఆయన్ను ఆ పనికి సంబంధం లేని చోటికి బదిలీ చేశారు, విదేశీ సదస్సుకు వెళ్లనివ్వలేదు. 1981 జూన్‌లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. 1986లో ముంబైలో టెస్ట్ ట్యూబ్ బిడ్డ పుట్టుకకు కారకుడైన టి.సి. ఆనంద్ కుమార్, అప్పటిదాకా దేశంలో తొలివాడిగా పేరు పొందినవాడు, ముఖర్జీ రాతప్రతులు చదివి 1997లో ఆ గౌరవం తనది కాదని బహిరంగంగా చెప్పాడు. అంతటి నిజాయతీ అరుదు. అంతకన్నా ముందు చూపించాల్సింది ప్రభుత్వం. చలిలో ప్రాణం నిలిపే పనిని అప్పుడు అధికారులు కొత్తగా ఉందని అనుమానించారు. ఇప్పుడు ఖరీదైనదని పక్కన పెడుతున్నారు.

ఖరీదు మాట చర్మం దగ్గర నిలబడదు.

దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఒక మోస్తరుగానో తీవ్రంగానో కాలిన గాయాల పాలవుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. స్టవ్వు, సిలిండరు, దీపం అంటుకున్న చీర కొంగు, బాణసంచా. మన రాష్ట్రాల్లో వీటికి కర్మాగారాలూ తోడయ్యాయి. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో, 2025 జూన్ 30న పాశమైలారంలో ఔషధ పరిశ్రమల్లో జరిగిన పేలుళ్లు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. అలాంటి రాత్రి అంబులెన్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతాయి. కాలిన చోట రోగి సొంత చర్మం తీసి అతికించడమే అసలు వైద్యం. ఒళ్లు సగం కాలిన మనిషి దగ్గర తీయడానికి ఏం మిగిలి ఉంటుంది? చర్మం లేని చోట ఒంటి నీరు ఊటలా కారిపోతుంది, సూక్ష్మజీవులకు తలుపు తెరిచినట్టవుతుంది, గాలి తగిలినా ఓర్వలేని బాధ. అప్పుడు దాత చర్మం కప్పితే రెండు మూడు వారాలు అది కవచంలా కాస్తుంది. తర్వాత ఊడిపోతుంది, నిజమే. ఆ రెండు మూడు వారాల్లో మనిషి తేరుకుంటాడు, సొంత చర్మం తీసిన చోట మళ్లీ పెరుగుతుంది, మళ్లీ తీసి అతికించడానికి వీలవుతుంది.

హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో రోటరీ క్లబ్ చేయూతతో చర్మ బ్యాంకు మొదలైంది. పని తీరు చూస్తే ఆశ్చర్యపడాల్సింది దాని సాదాతనానికే. మరణించిన ఆరు గంటల్లోపు కబురు అందాలి. బృందం వచ్చి తొడలు, కాళ్లు, వీపు మీద నుంచి పైపొరను, ఉల్లిపొర కన్నా కాస్త మందంగా, ప్రత్యేక పరికరంతో తీస్తుంది. ముప్పావుగంట చాలు. రక్తం కారదు. కట్టు కట్టి, బట్టలు తొడిగి భౌతికకాయాన్ని ఇంటివాళ్లకు అప్పగిస్తారు; ముఖం, చేతులు ముట్టుకోరు. రక్తం గ్రూపు కలవనక్కరలేదు. హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటివి లేవని పరీక్షల్లో తేలాక ఆ చర్మాన్ని 85 శాతం గ్లిజరిన్‌లో, 4 డిగ్రీల చలిలో ఉంచితే అయిదేళ్లు నిలవుంటుంది. మిల్‌హిల్ సీసాలో దొరికిన ఆ గ్లిజరినే. ఇందులో కణాలు బతికి ఉండవు. కవచం పనికి అవి బతికి ఉండనక్కరా లేదు. మైనస్ 196 కాదు, నత్రజని కాదు, ఇంట్లో పాలు పెట్టుకునే ఫ్రిజ్ చలి.

ఇంత సులువైన పని ప్రతి బోధనాసుపత్రిలో ఎందుకు లేదన్న ప్రశ్నకు ఫ్రిజ్ జవాబు కాదు. మనుషులు కావాలి. ఇది హైదరాబాద్‌కు కొత్త పాఠమేమీ కాదు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలోని రామాయమ్మ నేత్రనిధి దశాబ్దాలుగా ఇదే చేసి చూపిస్తోంది. కార్నియాను నాలుగు రోజుల పాటు 4 డిగ్రీల దగ్గర కాపాడే ఎం.కె. మీడియం అనే ద్రవాన్ని ఆ సంస్థ అక్కడే తయారు చేసుకుంది, దేశంలోని ఇతర నేత్రనిధులకూ ఇచ్చింది. అంతకన్నా విలువైనది వాళ్లు ఆసుపత్రుల్లో నిలబెట్టిన సలహాదారులు. ఆప్తుడు పోయి గంట కూడా కాని ఇంటివాళ్ల పక్కన కూర్చుని, తొందరపెట్టకుండా, కళ్ల సంగతి అడిగే మనుషులు. అడగడం తెలిసిన మనిషి ఉంటే ఇచ్చేవాళ్లు ఉన్నారని తెలుగు నేల ఎప్పుడో రుజువు చేసింది. నేత్రదానం చేశారని పెద్దకర్మ కార్డు మీద కూడా వేసుకుంటున్నాం. చర్మం మాటెత్తితే మాత్రం ఒళ్లు ఒలిచేస్తారేమోనన్న భయం. కళ్ల కోసం వచ్చిన మనిషే అదే మాటలో చర్మం సంగతీ చెప్పగలిగితే ఆ భయం పోతుంది. విశాఖపట్నం, గుంటూరు, కర్నూలు, తిరుపతి, వరంగల్‌లలో పెద్ద బోధనాసుపత్రులున్నాయి. చుట్టూ పరిశ్రమలున్న చోట ముందుగా, మిగతా చోట్ల ఆ వెనకే, నిల్వ నిండుగా ఉన్న చర్మ బ్యాంకు నడవాలి. పేలుడు జరిగిన మర్నాడు దాతల కోసం విజ్ఞప్తి చేస్తే లాభం లేదు. ఆ రాత్రికే ఫ్రిజ్‌లో చర్మం ఉండాలి.

ఇక క్యాన్సర్ వార్డు. పంతొమ్మిదేళ్ల కుర్రవాడికి మెడ దగ్గర గడ్డ, పరీక్షలో హాడ్జ్‌కిన్ లింఫోమా అని తేలిందనుకుందాం. ఈ వయసులో ఈ జబ్బు నయమయ్యేవాళ్లే ఎక్కువ. వైద్యుడు ధైర్యం చెబుతాడు, తల్లి కళ్లు తుడుచుకుంటుంది, వచ్చే సోమవారం మందు మొదలు. ఆ మందుల్లో కొన్ని వీర్యం తయారయ్యే కణాల్ని శాశ్వతంగా దెబ్బతీయవచ్చు. మందు ఎక్కే ముందు ఒక్క పూట చాలు: నమూనా ఇస్తే స్ట్రాలలో నింపి నత్రజనిలో ఉంచుతారు. గేదె దగ్గరికి వచ్చిన అదే స్ట్రా, అదే చలి. పదేళ్ల తర్వాత ఆ కుర్రవాడు పెళ్లి చేసుకుని, పిల్లల్లేరని పరీక్ష చేయించుకుంటే అప్పుడు తెలుస్తుంది, ఆ సోమవారానికి ముందు ఎవరూ తనను ఒక ప్రశ్న అడగలేదని. అడగకపోవడానికి కారణం దురుద్దేశం కాదు. ప్రాణం ముందు ఇదెంత అన్న భావన, పెళ్లికాని పిల్లాడితో తల్లిదండ్రుల ఎదుట ఈ మాట ఎలా ఎత్తాలన్న మొహమాటం, అడిగినా పంపించడానికి దగ్గరలో చోటు లేకపోవడం. ఆ మొహమాటం ఖరీదు ఒక సంసారం.

ఆడపిల్లల విషయంలో పని కొంచెం పెద్దది. అండాలు తీయాలంటే పది పద్నాలుగు రోజుల సూదులు కావాలి. జబ్బు అంత ఆగనివ్వకపోతే అండాశయపు చిన్న ముక్కను తీసి గడ్డకట్టించి, జబ్బు నయమయ్యాక తిరిగి అతికిస్తారు. బెల్జియంలో జాక్ డోనే బృందం చేతుల మీదుగా 2004లో ఇలా తొలి బిడ్డ పుట్టింది. యుక్తవయసు రాని మగపిల్లల విషయంలో దారి ఇప్పుడిప్పుడే తెరుచుకుంటోంది. పదేళ్ల వయసులో తీసి దాచిన వృషణ కణజాలాన్ని పదహారేళ్ల తర్వాత అదే మనిషికి తిరిగి అమర్చినట్టు బ్రసెల్స్ వైద్యులు 2025 జనవరిలో ప్రకటించారు. ఇవన్నీ రేపే మన జిల్లాల్లో కావాలని ఎవరూ అడగరు. కుర్రవాళ్ల వీర్యం దాచడం మాత్రం రేపే చేయదగ్గది. కీమోథెరపీకి ముందు సంతకం పెట్టించుకునే కాగితంలో ఈ ప్రశ్న ఒక వరుసగా ఉండాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ అయినా, ఆంధ్రప్రదేశ్‌లో వైద్యసేవ అయినా, క్యాన్సర్ ప్యాకేజీలో ఈ ఖర్చు విడదీయరాని భాగం కావాలి.

పేదవాడిని ఎవరూ అడగని ఈ ప్రశ్నే మధ్యతరగతి ఇంట్లో వేరే వేషంలో తలుపు తడుతుంది. అమ్మాయికి ఏడో నెల రాగానే ఫోన్లు మొదలవుతాయి. బొడ్డుతాడు రక్తం దాచుకోండి, బిడ్డకు రేపు ఏ జబ్బు వచ్చినా ఇదే రక్ష, ఇన్ని వాయిదాల్లో కట్టొచ్చు. బొడ్డుతాడు రక్తంలో మూలకణాలున్న మాట నిజం. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మన్ బృందం ఫాంకోనీ రక్తహీనతతో ఉన్న బాలుడికి దాంతోనే ప్రాణం పోసింది. ఆ రక్తం ఆ బాలుడిది కాదన్నది ఇక్కడ కీలకం. అప్పుడే పుట్టిన అతని చెల్లెలిది. పుట్టుకతో వచ్చే రక్తదోషం బిడ్డ సొంత బొడ్డుతాడు రక్తంలోనూ ఉంటుంది. చాలా రకాల రక్త క్యాన్సర్లలోనూ సొంత రక్తం తిరిగి ఎక్కించడం మంచి వైద్యం కాదు. సొంతానికి ఎప్పుడో పనికొస్తుందని దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి తన 2017 మార్గదర్శకాల్లో తేల్చి చెప్పింది. ఇంట్లో పెద్ద బిడ్డకు తలసీమియాలాంటి జబ్బు ఉంటే మాత్రం, తర్వాతి కాన్పులో దాచడంలో అర్థముంది.

కడుపుతో ఉన్న పిల్లనూ, పుట్టబోయే మనవణ్నీ చూపించి భయపెట్టి అమ్మే సరుకు ఇది. తాతయ్య పింఛను డబ్బు తీసి కడతాడు. ఆ తాతయ్య తప్పు ఏమీ లేదు. ప్రసూతి గదిలో నిజం చెప్పే మనిషి లేకపోవడమే తప్పు. గర్భిణుల కార్డు మీద, టీకాల పట్టిక కింద, పరిశోధన మండలి మాటను రెండు వాక్యాల్లో తెలుగులో అచ్చువేస్తే చాలా ఇళ్లలో ఆ డబ్బు మిగులుతుంది.

మొత్తం మనిషినే గడ్డకట్టిస్తామనే సంస్థలూ అమెరికాలో ఉన్నాయి. 1967 జనవరిలో తొలి మనిషిని అలా చలిలో పెట్టారు. ఇప్పటిదాకా ఒక్కరూ లేవలేదు. కణానికి తెలిసిన దారి అవయవానికే ఇంకా దొరకలేదు కాబట్టి లేచే దారీ కనబడదు.

అవయవం దగ్గర చలి ఎందుకు తడబడుతుందో హైదరాబాద్ మెట్రో ప్రయాణికులకు కళ్లారా తెలుసు. 2021 ఫిబ్రవరి 2న నల్గొండ జిల్లా రైతు గుండె నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా 21 కిలోమీటర్లు మెట్రోలో అరగంటలోపే ప్రయాణించింది. 2025 జనవరి 17న ఇంకో గుండె ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, 13 నిమిషాల్లో చేరింది. పెట్టె పట్టుకుని వైద్యులు పరుగెత్తడానికి కారణం ఒక్కటే. ఐసు పెట్టెలో గుండె నాలుగు గంటలు, మహా అయితే ఆరు గంటలు. కాలేయం దాదాపు పన్నెండు, మూత్రపిండం ఒక రోజు, మరికాస్త. ఆ పెట్టెలో అవయవం మంచుకు నేరుగా తగలదు. ద్రావణంలో ముంచి, సంచిలో సంచి పెట్టి, చుట్టూ ఐసు నింపుతారు. 4 డిగ్రీల దగ్గర కణాల ఆకలి పదో వంతుకు పడిపోతుంది. ఆకలి తగ్గుతుంది కానీ చావదు. గడియారం నెమ్మదిస్తుంది కానీ ఆగదు.

ఆపాలంటే గడ్డకట్టించాలి, గడ్డకట్టిస్తే అవయవం పాడవుతుంది. మూత్రపిండంలో కణాలు ఎన్నో రకాలు. ఒకదానికి సరిపడే చలి వేగం పక్కదానికి సరిపడదు. గాజులా బిగించినా, తిరిగి వేడి చేసేటప్పుడు పైభాగం ముందు వేడెక్కి లోపలిది చల్లగా ఉండిపోతే, వేడి గ్లాసులో చన్నీళ్లు పోసినట్టు పగులుతుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ బిషోఫ్, ఎరిక్ ఫింగర్ బృందం దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టింది. రక్తనాళాల్లోకి ఇనుప ఆక్సైడ్ సూక్ష్మరేణువులు పంపి, చుట్టూ అయస్కాంత క్షేత్రం నడిపిస్తే అవయవం అన్ని వైపులా ఒకేసారి వేడెక్కుతుంది. 2023లో వాళ్లు 100 రోజుల దాకా గాజులా నిలిపిన ఎలుక మూత్రపిండాల్ని తిరిగి వేడిచేసి అయిదు ఎలుకలకు అమర్చారు. వేరే మూత్రపిండం లేకుండానే అవి బతికాయి. ఎలుక మూత్రపిండం చింతపిక్కంత, మనిషిది పిడికిలంత. ఆ తేడాలోనే అసలు కష్టమంతా ఉంది. బోస్టన్ బృందం ఒకటి 2019లో మనిషి కాలేయాన్ని గడ్డకట్టనివ్వకుండా మైనస్ 4 డిగ్రీల దగ్గర నిలిపి, నిల్వ కాలాన్ని 27 గంటలు పెంచింది. జ్యూరిచ్ వాళ్లు చలినే వదిలేసి కాలేయాన్ని యంత్రానికి తగిలించి ఒంటి వేడి దగ్గర మూడు రోజులు పోషించి, 2021లో ఒక రోగికి అమర్చారు.

ఇవి మన దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా అవయవదానాన్ని నడిపే జీవన్‌దాన్ పథకం, అంబులెన్సుకు దారి వదిలే గ్రీన్ ఛానల్, మెట్రో పరుగులే ఆధారం. శ్రీకాకుళంలో దాత, హైదరాబాద్‌లో గ్రహీత అయితే గుండె నాలుగు గంటల గీతకు అటో ఇటో. ఒక రోజు నిలిపే చలి దొరికిన నాడు ఆ గీత చెరిగిపోతుంది. అందుకే ఇంజినీరింగ్ కాలేజీలు ఇన్ని ఉన్న రాష్ట్రాల్లో ఈ వేడిమి లెక్క మీద పనిచేసే ప్రయోగశాల ఒకటైనా కావాలని కోరుకోవడం అత్యాశ కాదు. మిన్నెసోటా ఉపాయం పుట్టింది మెకానికల్ ఇంజినీరూ, శస్త్రవైద్యుడూ ఒక బల్ల దగ్గర కూర్చున్నప్పుడే.

దాచడం మొదలుపెడితే కాపలా కూడా ఉండాలి. 2018 మార్చి 4న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఒక కేంద్రంలో నత్రజని తొట్టి వేడెక్కి 4,000కు పైగా అండాలు, పిండాలు పాడయ్యాయి. విచిత్రంగా అదే రోజు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంకో తొట్టి చెడింది. తొట్టిలో మట్టం కొలిచే పరికరం, మట్టం పడిపోతే రాత్రి రెండు గంటలకైనా ఎవరి ఫోన్ మోగాలో రాసిపెట్టిన పేరు, ఆ రెండూ లేకుండా ఏ బ్యాంకుకూ అనుమతి ఇవ్వకూడదు. గది మూసి ఉంటే ఆవిరైన నత్రజని ప్రాణవాయువును పక్కకు నెట్టేస్తుంది కాబట్టి గాలి ఆడే గది, హెచ్చరిక గంట తప్పనిసరి. ఇక ఎంతకాలం దాచవచ్చన్నది: సంతాన సాఫల్య చికిత్సల మీద మన దేశంలో వచ్చిన 2021 చట్టం పిండాల నిల్వకు పదేళ్ల గడువు పెట్టింది. అమెరికాలో 1992లో గడ్డకట్టించిన పిండాల నుంచి 2022లో కవలలు పుట్టారు. జబ్బు వల్ల దాచుకోవలసి వచ్చినవాళ్ల దగ్గరైనా ఆ పదేళ్ల గీతను తిరిగి ఆలోచించాలి. ఇరవై ఏళ్లకు దాచుకున్న అమ్మాయికి ముప్ఫై ఏళ్లకే తలుపు మూసేయడంలో వైద్యపరమైన అర్థం లేదు.

నత్రజని ఎక్కడి నుంచి వస్తుందన్నది ఆఖరి సాకు. గాలిలో 78 శాతం అదే. గాలిని చల్లార్చి వేరుచేస్తే దొరుకుతుంది. పశుసంవర్ధక శాఖ కోసం ట్యాంకరు ఇప్పటికే జిల్లాలకు తిరుగుతోంది. నిల్వ కేంద్రంలో పెద్ద తొట్టి నింపి వెళితే, గోపాలమిత్రలూ పశువైద్యశాలల సిబ్బందీ క్యాన్లు పట్టుకొచ్చి తమ వాటా నింపుకుంటారు. కర్రతో మట్టం చూస్తారు: గాలిలో ఆడించగానే తెల్లటి మంచు ఎంతదాకా కడితే అంతదాకా నత్రజని ఉన్నట్టు. పుస్తకంలో లీటర్లు రాసి సంతకం పెడతారు. చాలా జిల్లా కేంద్రాల్లో ఆ నిల్వ కేంద్రానికీ సర్కారు దవాఖానాకూ మధ్య ఆటో ఛార్జీ దూరమే. మనుషుల నమూనాలుండే తొట్టి వేరే గదిలో, వేరే తాళంతో, వేరే మనుషుల చేతిలో ఉండాలి. ట్యాంకరు మాత్రం ఒక్కటే చాలు. రెండు శాఖల కార్యదర్శులు కూర్చుని ఒక ఉత్తర్వు రాస్తే, వచ్చే విడత ట్యాంకరు పశువుల కేంద్రంలో గొట్టం తీసి, ఆసుపత్రి వెనక గేటు దగ్గర మళ్లీ తగిలించవచ్చు.